బొడ్డుతాడు రక్తం హిస్టరీ: చెల్లి అన్నకి ఇచ్చింది, మనకి మాత్రం బ్యాకప్ అని అమ్మారు

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు, యుద్ధాలు లేవు. ఒక బొడ్డుతాడు ఉంది. బిడ్డ పుట్టాక దాంట్లో, మావిలో మిగిలిపోయే అర గ్లాసు రక్తం ఉంది. ఆ అర గ్లాసు హిస్టరీ చెప్తా. ముందు నేను దీంట్లోకి ఎలా వచ్చానో చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో తప్పు చేసినవాళ్ళలో నేనూ ఒకడిని.

2021. మా అక్కకి ఏడో నెల. నేను అప్పటికి ఇంకా ఉద్యోగంలోనే ఉన్నా, వర్క్ ఫ్రమ్ హోమ్, పొద్దస్తమానం బ్యాకెండ్ కోడ్ రాసుకుంటూ. ఒకరోజు మధ్యాహ్నం బావ ఫోన్. "బావా, స్కానింగ్‌కి వెళ్తే ఒకమ్మాయి ఫోల్డర్ పట్టుకుని మమ్మల్ని కూర్చోబెట్టింది. బొడ్డుతాడు రక్తం దాచిపెడతారంట. 80 రోగాలకి మందంట. 65 వేలు. డెలివరీ టైమ్‌లోనే తీయాలంట, తర్వాత కావాలన్నా దొరకదంట. ఏం చేద్దాం?"

నేనేం చేశా? ఫోన్‌లో పది నిమిషాలు స్క్రోల్ చేశా. వచ్చిన మొదటి నాలుగు పేజీలూ ఆ కంపెనీల పేజీలే అని కూడా గమనించలేదు. "బ్యాకప్ లాంటిది బావా. తీసి పెట్టుకుంటే పోయేదేముంది, తీసేసుకోండి" అన్నా. బీటెక్ చదివినోడు చెప్పాడు కదా అని వాళ్ళు సంతకం పెట్టేశారు. ఈఎంఐలో కట్టారు.

ఇప్పుడు అక్కకి మళ్ళీ ఎనిమిదో నెల. అదే కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి రెండో బిడ్డకి డిస్కౌంట్ అన్నారంట. ఈసారి అక్కే నాకు ఫోన్ చేసింది. "ఒరేయ్, ఈసారి పది నిమిషాలు కాదు. కూర్చుని సరిగ్గా చదివి చెప్పు." మూడు వారాలు చదివా. చదివింది అక్కకి చెప్పా. ఇప్పుడు మీకు చెప్తున్నా. ఒక్క మాట: నేను డాక్టర్‌ని కాదు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ నిర్ణయం ఉంటే మీ డాక్టర్‌తో మాట్లాడండి. నేను చెప్పేది హిస్టరీ.

మనవైపు చిన్నపిల్లోడు పెద్ద మాటలు మాట్లాడితే "ఇంకా బొడ్డూడలేదు, అప్పుడే మాటలు చూడు" అంటారు కదా. బొడ్డుకి మన భాషలో అంత చోటుంది. కానీ మావిని మాత్రం ఎవరూ దాచుకోలేదు. మంత్రసాని పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టేది. హాస్పిటల్ కాన్పులు వచ్చాక అది పసుపు రంగు చెత్త కవర్లోకి వెళ్ళింది. ప్రపంచంలో చాలా చోట్ల ఇంతే. మరి పారేసే వస్తువు 65 వేల వస్తువు ఎలా అయింది?

ముందు కొంచెం సైన్స్, త్వరగా చెప్పేస్తా. మన రక్తకణాలు ఎక్కువ రోజులు బతకవు. ఎర్ర కణం సుమారు 120 రోజులు, ప్లేట్‌లెట్ వారం పది రోజులు. కొత్తవి ఎముక మజ్జలో తయారవుతూనే ఉండాలి. వాటిని తయారుచేసే తల్లి కణాలే రక్త మూలకణాలు, అంటే స్టెమ్ సెల్స్. ఇవి ఉన్నాయని 1961లో టొరంటోలో టిల్, మెకల్లక్ అనే ఇద్దరు ఎలుకల మీద ప్రయోగంతో చూపించారు. కడుపులో ఉన్న బిడ్డకి మొదట్లో రక్తం లివర్‌లో తయారవుతుంది, తర్వాత ఆ పని ఎముక మజ్జకి మారుతుంది. అందుకే కాన్పు టైమ్‌కి బిడ్డ రక్తంలో ఈ మూలకణాలు చాలానే తిరుగుతూ ఉంటాయి. బొడ్డుతాడులో ఉన్నది బిడ్డ రక్తమే, తల్లిది కాదు. చాలామందికి ఇక్కడే కన్ఫ్యూజన్, నాకూ ఉండేది.

1972లో అమెరికాలోని వర్జీనియాలో ఎండే అనే అన్నదమ్ములిద్దరు, ఇద్దరూ డాక్టర్లే, ఒక చిన్న మెడికల్ పత్రికలో ఒక రిపోర్ట్ వేశారు. లుకేమియా ఉన్న 16 ఏళ్ళ కుర్రాడికి వేరే వేరే పిల్లల బొడ్డుతాడు రక్తం ఎక్కించామని, దాంట్లో ఒకటి కొంతకాలం ఒంట్లో పట్టిందని. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. టైమ్ రాలేదు అనుకోండి. నాకైతే ఆ ఇద్దరి మీద ఒక మంచి సినిమా తీయొచ్చు అనిపించింది, సరే.

అసలు కథ 1988.

నార్త్ కరోలైనాలో మాథ్యూ ఫారో అని ఐదేళ్ళ బాబు. వాడికి ఫ్యాంకోని అనీమియా. డీఎన్ఏలో వచ్చే తప్పుల్ని రిపేర్ చేసుకునే సిస్టమ్ పుట్టుకతోనే పాడైపోయి ఉండే జబ్బు. దాంతో ఎముక మజ్జ మెల్లగా ఆగిపోతుంది. మందు లేదు. వేరేవాళ్ళ మజ్జ ఎక్కించడం ఒక్కటే దారి. దానికి హెచ్.ఎల్.ఏ. కలవాలి. హెచ్.ఎల్.ఏ. అంటే మన కణాల మీద ఉండే గుర్తింపు కార్డు అనుకోండి. కార్డు కలవకపోతే ఎక్కించిన కణాలు ఒంటి మీదకే యుద్ధానికి వస్తాయి. తోబుట్టువుల్లో ఒక్కొక్కరితో పూర్తిగా కలిసే ఛాన్స్ నాలుగింట ఒకటి. మాథ్యూకి కలిసేవాళ్ళు దొరకలేదు.

అప్పుడు వాళ్ళమ్మ మళ్ళీ కడుపుతో ఉంది. న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో ఆర్లీన్ ఆయర్‌బాక్ అని ఫ్యాంకోని అనీమియా మీద పనిచేసే సైంటిస్ట్. పుట్టకముందే ఆ జబ్బు ఉందో లేదో చెప్పే టెస్ట్ ఆవిడ దగ్గర ఉంది. కడుపులో ఉన్నది ఆడపిల్ల, జబ్బు లేదు, పైగా అన్నతో హెచ్.ఎల్.ఏ. పూర్తిగా కలిసింది.

ఇక్కడ ఇంకో సైంటిస్ట్ రావాలి, హాల్ బ్రాక్స్‌మేయర్. ఇండియానాపొలిస్‌లో ల్యాబ్. ఎడ్వర్డ్ బోయ్స్ అనే ఆయన ముందుకు తెచ్చిన ఐడియా మీద అప్పటికే వీళ్ళందరూ పనిచేస్తున్నారు. బొడ్డుతాడు రక్తంలో ట్రాన్స్‌ప్లాంట్‌కి సరిపడా మూలకణాలు ఉంటాయా, ఫ్రీజ్ చేసి మళ్ళీ కరిగిస్తే బతుకుతాయా, ఇది ప్రశ్న. ఎలా తేల్చారో తెలుసా? న్యూయార్క్‌లో కాన్పులు అయినప్పుడల్లా ఆ రక్తాన్ని సీసాల్లో పట్టి కొరియర్‌లో రాత్రికి రాత్రి ఇండియానాపొలిస్ పంపేవాళ్ళు. అలా వందకు పైగా శాంపిల్స్. గది ఉష్ణోగ్రతలో కూడా రెండు మూడు రోజులు కణాలు బతికే ఉన్నాయి. టెస్టింగ్ అంటే అదీ. ప్రొడక్షన్‌లో పెట్టేముందు వందసార్లు చెక్ చేసుకున్నారు.

పాప పుట్టింది. బొడ్డుతాడు కోసి, మావిలో మిగిలిన రక్తం పట్టి, ఇండియానాపొలిస్ పంపించి లిక్విడ్ నైట్రోజన్‌లో పెట్టారు. కానీ ట్రాన్స్‌ప్లాంట్ ఎక్కడ చేయాలి? ఫ్యాంకోని పిల్లల కణాలు చాలా సున్నితం. మామూలుగా ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందు ఇచ్చే కీమో, రేడియేషన్ డోస్ ఇస్తే పిల్లాడే పోతాడు. తక్కువ డోస్‌తో చేసే పద్ధతి కనిపెట్టిన ఆవిడ పారిస్‌లో ఉంది. ఎలియాన్ గ్లుక్‌మన్, సెయింట్ లూయి హాస్పిటల్. అసలు హెచ్.ఎల్.ఏ. సంగతి తేల్చి 1980లో నోబెల్ తెచ్చుకున్న జాన్ డోసే పనిచేసిన హాస్పిటల్ కూడా అదే.

బ్రాక్స్‌మేయర్ ఆ గడ్డకట్టిన రక్తాన్ని స్పెషల్ కంటైనర్‌లో పెట్టుకుని తనే స్వయంగా ఫ్లైట్‌లో పారిస్ తీసుకెళ్ళాడు. ఊహించుకోండి. ఆ డబ్బా పోతే, పాడైతే, రెండో కాపీ లేదు. నేనైతే ఆ ఎనిమిది గంటలూ కళ్ళు మూసేవాడిని కాదు.

1988 అక్టోబర్‌లో ఎక్కించారు. కొన్ని వారాల్లో మాథ్యూ ఒంట్లో చెల్లి కణాలు పనిచేయడం మొదలుపెట్టాయి. 1989లో పేపర్ వచ్చింది. మాథ్యూ పెద్దవాడయ్యాడు, సైంటిస్టుల మీటింగుల్లో తన కథ తనే చెప్పాడు. ఇప్పటిదాకా ప్రపంచంలో ఇలాంటి ట్రాన్స్‌ప్లాంట్లు 40 వేలకు పైగా జరిగాయని లెక్క. అన్నిటికీ మొదలు ఆ చెల్లి.

ఒక్కసారి ఇక్కడ ఆగండి. మొట్టమొదటి కేస్‌లో ఎవరి రక్తం ఎవరికి ఎక్కింది? చెల్లి రక్తం అన్నకి. మాథ్యూ పుట్టినప్పుడు వాడి సొంత బొడ్డుతాడు రక్తం దాచి ఉంటే పనికొచ్చేదా? రాదు. ఎందుకంటే జబ్బు వాడి డీఎన్ఏలోనే ఉంది, కాబట్టి వాడి బొడ్డుతాడు రక్తంలో కూడా ఉంటుంది. నేను బావకి "బ్యాకప్ లాంటిది" అన్నా కదా. కోడ్‌లో బగ్ ఉంటే, ఆ కోడ్ బ్యాకప్‌లో కూడా అదే బగ్ ఉంటుంది. రీస్టోర్ చేస్తే బగ్గే రీస్టోర్ అవుతుంది. ఇది నాకు తెలియని విషయం కాదు. రోజూ చేసే పని. అయినా ఆ రోజు తట్టలేదు.

థలసీమియా, సికిల్ సెల్ కూడా ఇంతే, జీన్స్‌లో ఉండే జబ్బులు. కంపెనీ ఫోల్డర్‌లో ఆ 80 రోగాల లిస్ట్ చూడండి, ఎక్కువ భాగం వేరేవాళ్ళ కణాలతో నయం చేసేవే. పిల్లల్లో వచ్చే లుకేమియా కూడా కొన్నిసార్లు కడుపులో ఉన్నప్పుడే మొదలవుతుంది. పుట్టిన వెంటనే మడమ దగ్గర గుచ్చి తీసే రక్తపు చుక్క కార్డుల్ని ఏళ్ళ తర్వాత పరీక్షిస్తే, దాంట్లోనే ఆ మార్పు కనిపించిన కేసులున్నాయి. ఆ పిల్లలకి వాళ్ళ సొంత బొడ్డుతాడు రక్తం ఎక్కించడానికి డాక్టర్లు ఒప్పుకోరు.

మరి ఇచ్చిపుచ్చుకునే వస్తువు దాచుకునే వస్తువుగా ఎలా మారింది? 1988 తర్వాత కథ రెండు దారులు పట్టింది.

ఒక దారి న్యూయార్క్ బ్లడ్ సెంటర్. పాబ్లో రూబిన్‌స్టీన్ అనే డాక్టర్ 1992-93లో పబ్లిక్ బ్యాంక్ మొదలుపెట్టారు. తల్లులు ఉచితంగా ఇస్తారు, ప్రపంచంలో ఎవరికి కలిస్తే వాళ్ళకి వెళ్తుంది. బ్లడ్ బ్యాంక్ లాగే. 1993లోనే డ్యూక్ యూనివర్సిటీలో జోఆన్ కర్ట్జ్‌బర్గ్ అక్కడినుంచి తెప్పించిన రక్తంతో, ఏ సంబంధమూ లేని బిడ్డ రక్తంతో, లుకేమియా ఉన్న ఒక పిల్లాడికి ట్రాన్స్‌ప్లాంట్ చేశారు. మాథ్యూని మొదట చూసిన డాక్టర్ కూడా ఆవిడే. 1998కల్లా రూబిన్‌స్టీన్ 562 ట్రాన్స్‌ప్లాంట్ల లెక్క పబ్లిష్ చేశారు. ఇందులో పెద్ద అడ్వాంటేజ్ ఏంటంటే, బొడ్డుతాడు కణాలు ఇంకా పసివి. హెచ్.ఎల్.ఏ. అంతా కలవకపోయినా సర్దుకుంటాయి. ఆరింటిలో నాలుగు కలిసినా చేస్తారు. రిజిస్ట్రీలలో దాతలు ఎక్కువమంది యూరోపియన్ మూలాల వాళ్ళే కాబట్టి, మ్యాచ్ దొరకని నల్లవాళ్ళకి, మిశ్రమ జాతుల వాళ్ళకి, ఆసియా వాళ్ళకి ఇది నిజంగా ప్రాణం పోసింది. 2022లో ఒక న్యూస్ వచ్చింది, గుర్తుందా? న్యూయార్క్‌లో హెచ్‌ఐవీ, లుకేమియా రెండూ ఉన్న మిశ్రమ జాతి మహిళకి 2017లో ట్రాన్స్‌ప్లాంట్ చేస్తే హెచ్‌ఐవీ కూడా కనపడకుండా పోయిందని. ఆవిడకి ఎక్కించింది, బంధువు ఇచ్చిన కణాలతో పాటు, ఎవరో తెలియని ఒక తల్లి దానం చేసిన బొడ్డుతాడు రక్తం.

రెండో దారి డబ్బు దారి. బోయ్స్, బ్రాక్స్‌మేయర్ టీమ్ బయోసైట్ అనే కంపెనీ ద్వారా పేటెంట్ తీసుకున్నారు. 1991లో అమెరికా పేటెంట్ వచ్చింది. అంటే బొడ్డుతాడు రక్తం ఫ్రీజ్ చేసి దాచుకోవడమే మా ఆస్తి అన్నట్టు. యూరప్ డాక్టర్లకి ఒళ్ళు మండింది. వాళ్ళు పోరాడితే 1999లో యూరోపియన్ పేటెంట్ రద్దయింది. అమెరికాలో ఆ పేటెంట్లు కొనుక్కున్న ఫార్మాస్టెమ్ అనే కంపెనీ మిగతా బ్యాంకుల మీద కేసులు వేసింది, చివరికి 2007లో అప్పీల్ కోర్టు ఇది అందరికీ తట్టే ఐడియానే అని కొట్టేసింది. నాకు బ్రాక్స్‌మేయర్ మీద గౌరవం తగ్గలేదు. కానీ ఫ్లైట్‌లో ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకున్నంత జాగ్రత్తగా తీసుకెళ్ళిన మనిషి పేరే పేటెంట్ కాగితం మీద కూడా ఉందంటే, కాసేపు స్క్రీన్ వైపు చూస్తూ ఉండిపోయా.

ప్రైవేట్ బ్యాంకుల బిజినెస్ చాలా తెలివైనది. పబ్లిక్ బ్యాంక్‌కి ఖర్చు చాలా, ఆదాయం తక్కువ. కణాలు సరిపోకపోతే అక్కడ చాలా శాంపిల్స్ తీసి పక్కన పెట్టేస్తారు. ప్రైవేట్ బ్యాంక్‌కి ఆ బాధ లేదు. మీ రక్తం, మీ డబ్బు, మీరు అడిగితేనే బయటికి తీస్తారు. ఎవరూ అడగరు. మనం చేసే పనిలో ఒక మాట ఉంది, రీస్టోర్ చేసి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదు అని. ఇవాళ పబ్లిక్ బ్యాంకుల్లో ప్రపంచమంతా కలిపి సుమారు 8 లక్షల యూనిట్లు ఉంటే, ప్రైవేట్‌లో దానికి ఎన్నో రెట్లు ఉన్నాయి. వైద్యానికి బయటికి వచ్చేవి మాత్రం దాదాపు అన్నీ పబ్లిక్ వే.

మన దేశానికి వద్దాం. 2000 తర్వాత ముంబై, చెన్నై, బెంగళూరు లాంటి ఊళ్ళల్లో కంపెనీలు వచ్చాయి. సినిమా స్టార్ల యాడ్స్ వచ్చాయి. గైనిక్ క్లినిక్ గోడ మీద పోస్టర్, టేబుల్ మీద కరపత్రం. 2011 చివర్లో డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్‌లో వీటికి లైసెన్స్ పద్ధతి పెట్టారు. లైసెన్స్ ఉంది అంటే శుభ్రంగా దాస్తారని మాత్రమే, అవసరం పడుతుందని కాదు. ఈ తేడా సేల్స్ అమ్మాయి చెప్పదు. ఆమెని అనడం లేదు, టార్గెట్లు ఆమెకీ ఉంటాయి. ఐసీఎంఆర్ 2017 గైడ్‌లైన్స్‌లో సొంత వాడకం కోసం దాచుకోవడానికి సైంటిఫిక్ ఆధారం లేదని రాసింది. 2018లో ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, అంటే మన పిల్లల డాక్టర్ల సంఘం, ఇన్సూరెన్స్ అని చెప్పి దీన్ని అమ్మడం తప్పు అంది. మొదటి 20 ఏళ్ళలో ఒక బిడ్డకి తన సొంత రక్తం అవసరం పడే అవకాశం 0.04 శాతం నుంచి 0.0005 శాతం అని లెక్క ఇచ్చింది. అంటే 2,500 మందిలో ఒకరి నుంచి 2 లక్షల మందిలో ఒకరి దాకా. ఇటలీ, ఫ్రాన్స్‌లలో అయితే సొంతానికి దాచుకునే ప్రైవేట్ బ్యాంకులకి అనుమతే లేదు. మొదటి ట్రాన్స్‌ప్లాంట్ జరిగిన దేశం ఫ్రాన్స్, గుర్తుపెట్టుకోండి.

తమాషా ఏంటంటే, 2017 నుంచి మన దేశంలో ఒక కొత్త ప్లాన్ వచ్చింది, కమ్యూనిటీ బ్యాంకింగ్. మీరు డబ్బు కట్టి దాచుకుంటారు, మెంబర్లందరి రక్తం మెంబర్లందరూ వాడుకోవచ్చు. సొంత రక్తం ఒక్కటే అయితే పెద్దగా లాభం లేదని వాళ్ళే ఒప్పుకున్నట్టు కదా. తిరిగి తిరిగి 1993 దగ్గరికే వచ్చారు, కాకపోతే చందా కట్టి.

"మరి ఆటిజం, సెరిబ్రల్ పాల్సీకి పనికొస్తుందంటున్నారు?" ఇది అక్క అడిగింది. ఆశ ఉన్నచోట ప్రశ్న ఉంటుంది. కర్ట్జ్‌బర్గ్ టీమే డ్యూక్‌లో 180 మంది ఆటిజం పిల్లల మీద పద్ధతిగా ట్రయల్ చేసింది. 2020లో రిజల్ట్ వచ్చింది: అనుకున్న ప్రధాన కొలమానంలో, ఉత్తి సెలైన్ లాంటిది ఎక్కించిన పిల్లలకంటే తేడా రాలేదు. రిసెర్చ్ ఆగలేదు, ఆగకూడదు కూడా. కానీ ట్రయల్‌లో ఉన్నదాన్ని ఫోల్డర్‌లో మందు అని రాయకూడదు.

ఇంకో విషయం, దాచడం. మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్ ట్యాంకులు. 20 ఏళ్ళు, 21 ఏళ్ళు, 75 ఏళ్ళు అని ప్లాన్లు అమ్ముతారు. కంపెనీ 75 ఏళ్ళు ఉంటుందా? యూరప్‌లో క్రయో-సేవ్ అనే పెద్ద బ్యాంక్ 2019లో మూతపడింది, శాంపిల్స్ పోలండ్‌లోని ఇంకో కంపెనీకి వెళ్ళాయి. నా రక్తం ఏ దేశంలో ఉందో చెప్పండి అని తల్లిదండ్రులు ఈమెయిల్స్ పెట్టుకున్నారు. సింగపూర్‌లో 2023 నవంబర్‌లో ఇంకా ఘోరం. కార్డ్‌లైఫ్ అనే బ్యాంక్‌లో ఏడు ట్యాంకుల్లో టెంపరేచర్ సరిగ్గా లేదని అక్కడి ఆరోగ్య శాఖ బయటపెట్టింది. ఒక ట్యాంక్‌లోనే 2,200 యూనిట్లు పనికిరాకుండా పోయాయి. సమస్య ఎప్పటినుంచి ఉందంటే 2020 నుంచి. మూడేళ్ళు! మా పాత టీమ్‌లో ఒక సర్వర్ మూడు నిమిషాలు వేడెక్కితే పది మందికి ఫోన్లు మోగేవి. సింగపూర్ లాంటి స్ట్రిక్ట్ దేశంలో ఇది జరిగింది.

న్యాయంగా ఇంకో వైపు కూడా చెప్పాలి. ఇంట్లో ఇప్పటికే థలసీమియానో, లుకేమియానో ఉన్న బిడ్డ ఉండి, తల్లి మళ్ళీ కడుపుతో ఉంటే, పుట్టబోయే బిడ్డ బొడ్డుతాడు రక్తం దాచడానికి ఐసీఎంఆర్, పిల్లల డాక్టర్లు, అందరూ ఔనంటారు. అది మాథ్యూ కేసే. హైదరాబాద్‌లో థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉంది, 1998 నుంచి. అక్కడికి వెళ్తే రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే పిల్లలు మంచాల మీద ఫోన్‌లో గేమ్స్ ఆడుకుంటూ కనపడతారు. అలాంటి ఇంట్లో తమ్ముడో చెల్లో పుడుతుంటే, అప్పుడు ఆ అర గ్లాసు బంగారం. ఆ ఇంటివాళ్ళు ఎవరైనా ఇది వింటుంటే, కాన్పుకి చాలా ముందే హెమటాలజిస్ట్‌ని అడగండి.

ఈ మధ్య అసలు ట్రాన్స్‌ప్లాంట్ ప్రపంచమే మారిపోయింది. బొడ్డుతాడు రక్తంతో పెద్ద ఇబ్బంది కొలత. బిడ్డకి సరిపోతుంది, 60 కిలోల మనిషికి సరిపోదు. 2000ల్లో మిన్నెసోటా డాక్టర్లు ఇద్దరు పిల్లల యూనిట్లు కలిపి ఎక్కించి చూశారు. 2023 ఏప్రిల్‌లో, ల్యాబ్‌లో కణాల్ని పెంచి ఇచ్చే ఒమిడుబిసెల్ అనే మందుకి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అదీ దానం చేసిన రక్తంతో తయారయ్యేదే. ఈలోగా జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ళ పద్ధతితో సగం కలిసిన దాతతో, అంటే అమ్మతోనో నాన్నతోనో, మజ్జ మార్పిడి మామూలైపోయింది. సగం మ్యాచ్ ప్రతి బిడ్డకీ ఇంట్లోనే ఉంటుంది. దాంతో బొడ్డుతాడు రక్తం వాడకం తగ్గుతూ వచ్చింది.

ఇక అక్కకి నేను చెప్పిన అసలు విషయం. ఇది నాకు అన్నిటికంటే గట్టిగా తగిలింది. కాన్పు అయిన క్షణంలో బిడ్డకీ మావికీ కలిపి ఉన్న రక్తంలో సుమారు మూడో వంతు మావి వైపే ఉంటుంది. బొడ్డుతాడు వెంటనే కోయకుండా ఆగితే అది బిడ్డలోకి వెళ్ళిపోతుంది. ఐరన్‌తో సహా. అందుకే డబ్ల్యూహెచ్ఓ కనీసం 1 నిమిషం ఆగి కోయమంటుంది. బ్యాంక్‌కి కావాల్సింది కూడా అదే రక్తం. బిడ్డలోకి ఎంత వెళ్తే బ్యాగ్‌లోకి అంత తగ్గుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 6 నెలల నుంచి 5 ఏళ్ళ లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత. ఆంధ్రాలో 63 శాతం. ఎప్పుడో 2,500 మందిలో ఒకరికి పనికొస్తుందేమో అని, ఇప్పుడే కావాల్సిన రక్తాన్ని పక్కకి తీస్తున్నామా అన్నది ఫోల్డర్‌లో ఎక్కడా లేదు. అక్క మొదటి కాన్పులో ఎంతసేపు ఆగి కోశారో మాలో ఎవరికీ తెలియదు. అడగాలని తట్టలేదు.

ఇది చెప్పాక అక్క కాసేపు మాట్లాడలేదు. నేనే "సారీ అక్కా, ఆ రోజు నేనే తీసుకోమన్నా" అన్నా. "ఏడ్చావులే, డబ్బుదేముంది" అంది. తర్వాత లేచి వెళ్ళి బీరువాలోంచి మొదటి పాప ఫైల్ తీసి, రిపోర్ట్ పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపింది. "ఇందులో ఏం రాశారో అది చెప్పు ముందు" అంది.

మీ ఇంట్లో ఇలాంటి ఫైల్ ఉంటే మీరూ తీయండి. పైన సర్టిఫికెట్ మీద బేబీ బొమ్మ ఉంటుంది, అది కాదు. లోపల చిన్న అక్షరాల్లో ఒక టేబుల్ ఉంటుంది. దాంట్లో మొత్తం న్యూక్లియేటెడ్ సెల్స్ అని ఒక లైన్. ట్రాన్స్‌ప్లాంట్‌కి డాక్టర్లు సాధారణంగా చూసే కనీస డోస్, ఫ్రీజ్ చేసేముందు లెక్కలో, కిలో బరువుకి సుమారు 2.5 కోట్ల కణాలు. అక్క పంపిన రిపోర్ట్‌లో ఉన్నది 40 కోట్లు. భాగిస్తే 16 కిలోలు. నాలుగేళ్ళలో ఈ లెక్క మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

"పాప బరువెంత అక్కా ఇప్పుడు?" అన్నా.

"మొన్న అంగన్‌వాడీలో తూచారు, పదహారున్నర" అంది.

రెండో బిడ్డకి డిస్కౌంట్ ఆఫర్ వాళ్ళకి వద్దని బావ మెసేజ్ పెట్టేశాడు. అక్క ఈసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక చీటీ రాసుకుంది, "బొడ్డు కోసేముందు ఆగుతారా, ఎంతసేపు" అని. అపాయింట్‌మెంట్ వచ్చే గురువారం. ఏం చెప్పారో నెక్స్ట్ ఎపిసోడ్ మొదట్లో చెప్తా. ఉంటా మరి.